జిల్లేడు ఆకు కింద బంగారు చుక్కలు

ప్రశ్న: అమ్మగారికి నమస్కారం. నా వయసు 36. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా వారు దుబాయ్‌లో ఉద్యోగం. ఇక్కడ నేను, అమ్మ, తొమ్మిదేళ్ల పాప ఉంటాం. ఏడాదిన్నర క్రితం నాన్న పోయారు. మనసు నిలవక ఒక ధ్యాన కేంద్రానికి వెళ్లడం మొదలుపెట్టాను. మొదట్లో హాయిగా ఉండేది. అక్కడి గురువుగారు ఎప్పుడూ సీతాకోకచిలుక ఉదాహరణే చెబుతారు. గూటిలోకి వెళ్లిన గొంగళిపురుగు పూర్తిగా కరిగి నీరైపోతుందట, పాతది ఏమీ మిగలకపోతేనే రెక్కలొస్తాయట. అందుకని నేను ఉద్యోగం మానేసి, ఇంటివాళ్లతో మాటల్లేకుండా ఆరు నెలలు వాళ్ల ఆశ్రమంలో ఉండాలట. రాత్రి భోజనం ఇప్పటికే మానిపించారు. అమ్మ వద్దంటోందని చెబితే, "పురుగులోని పాత కణాలు కొత్త కణాలను చంపాలని చూస్తాయి, మీ ఇంట్లో జరిగేదీ అదే" అన్నారు. ధ్యానంలో కూర్చుంటే నాకు ఏడుపు తన్నుకొస్తోంది. మునుపటిలా లేను, కొత్తగానూ లేను. పాపేమో "అమ్మా, నువ్వు నాతో మాట్లాడట్లేదు" అంటోంది. నేను పిరికిదాన్నా? గూటిలోకి వెళ్లాలా, వద్దా?
- ఒక సోదరి, హైదరాబాద్

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జవాబు ముందే చెప్పేస్తాను, ఎందుకో తర్వాత చెప్తాను. మీరు పిరికివారు కారు. ఆరు నెలలకు వెళ్లొద్దు, ఉద్యోగం వదలొద్దు. రాత్రి భోజనం ఈ రోజు నుంచే మళ్లీ మొదలుపెట్టండి. ధ్యానం మాత్రం మానకండి.

నేను ఇరవై ఎనిమిదేళ్లు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పాను. రోజూ పొద్దున జపం చేసుకోనిదే కాఫీ తాగను. కాబట్టి మీ గురువుగారు చెప్పిన పోలిక రెండు వైపుల నుంచీ నాకు దగ్గరిదే. పాత గ్రీకు భాషలో ఆత్మకూ సీతాకోకచిలుకకూ ఒకటే మాట, ప్సైకీ. మనవాళ్లు దానికి ఏకంగా సీతమ్మ కోకే కట్టారు. మనిషి మారడం గురించి మాట్లాడటానికి ఇంతకంటే అందమైన ప్రాణి దొరకదని నేనూ ఒప్పుకుంటాను. అయితే దాని పేరు చెప్పి మిమ్మల్ని భయపెట్టినప్పుడు, అది నిజంగా ఏం చేస్తుందో చూడాల్సిన అవసరం వచ్చింది.

మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో ఒక జిల్లేడు పొద ఉంది. రథసప్తమికి ఏడాకులూ అక్కడే కోసుకుంటాను. నారింజ రంగు రెక్కలు, నల్లటి అంచు, ఆ అంచులో తెల్ల చుక్కలు ఉన్న సీతాకోకచిలుక ఒకటి దాని మీదే గుడ్లు పెడుతుంది. ఆకు అడుగున, ఒక్కొక్కటిగా. మీరూ చూసే ఉంటారు, మన ఊళ్లలో అది తిరగని చోటు లేదు. దాని పురుగుకు నలుపు, తెలుపు, పసుపు పట్టీలుంటాయి, వీపు మీద మూడు జతల నల్లటి కొమ్ముల్లాంటివి. ఒంటి మీద నూగు ఉండదు కాబట్టి దాన్ని గొంగళిపురుగు అనడానికి నాకు నోరు రాదు. గొంగళి కప్పుకున్నట్టు వెంట్రుకలున్న వాటికే ఆ పేరు తగుతుంది. ఎదిగిన పురుగు ఒక రోజు తినడం మానేస్తుంది. కాసేపు అటూ ఇటూ తిరిగి ఆ పొదలోనో, పక్కనున్న కొమ్మకో, గోడకో చిన్న పట్టు బొడిపె ఒకటి అతికించి, దాన్ని వెనక కాళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడుతుంది. కొక్కెంలా వంగి కొన్ని గంటలు కదలకుండా ఉంటుంది. తర్వాత మెడ దగ్గర చర్మం చీలుతుంది. ఆ చారల చర్మం మేజోడు విప్పినట్టు పైకి పోతుంటే, లోపలి నుంచి లేత ఆకుపచ్చ ప్యూపా, అంటే పురుగుకూ సీతాకోకచిలుకకూ మధ్య దశ, బయటపడుతుంది. నడుం దగ్గర బంగారం పొదిగినట్టు చుక్కలు. మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక్కడ ఒక సంగతి చూడండి. దానికి గూడు లేదు. గూడు అల్లుకునేది పట్టుపురుగు, దాని జాతివీ. సీతాకోకచిలుకల్లో దాదాపు అన్నీ ఏ గూటిలోకీ వెళ్లవు. అది వేలాడేది బయటే. ఎండా గాలీ దానికి తగులుతూనే ఉంటాయి, పక్క కొమ్మ మీద చీమలు నడుస్తూనే ఉంటాయి. "గూటిలోకి వెళ్లాలా" అని అడిగారు. వెళ్లడానికి వేరే చోటంటూ ఏదీ లేదమ్మా. మార్పు మొదలైతే మీరున్న చోటే మొదలవుతుంది. ఆఫీసుకు వెళ్లే బస్సులోనే, మీ వంటింట్లోనే.

ఇంకోటి. ఆ చర్మం చీలిన నిమిషంలోనే ప్యూపా మీద రెక్కల ఆకారం, మీసాల ఆకారం అచ్చు గుద్దినట్టు కనిపిస్తాయి. అంటే రెక్కల పని లోపల ఎప్పుడో మొదలైంది. 17వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌లో యాన్ స్వామర్‌డామ్ అనే ఆయన ప్యూపా కాబోతున్న పురుగును కోసి, చర్మం కింద చుట్టుకుని ఉన్న రెక్కలను చూపించాడు. పురుగు చచ్చి ఇంకో ప్రాణి పుడుతుందనుకునే వాళ్లకు అది పెద్ద సమాధానం. ఇప్పుడు మనకు ఇంకా తెలుసు. రేపటి రెక్కలకూ కళ్లకూ కాళ్లకూ బీజం లాంటి కణాల గుంపులు పురుగు ఆకు తింటున్న రోజుల నుంచే దాని ఒంట్లో ఉంటాయి.

కరిగి నీరైపోతుందన్న మాట సగం నిజం. నడవడానికి, పాకడానికి వాడిన కండరాలు, ఇంకా చాలా భాగాలు నిజంగానే విడిపోతాయి. ప్యూపాను తొలిరోజుల్లో కోస్తే చిక్కటి ద్రవమే కారుతుంది. కానీ అంతా పోదు. 2013లో ఇంగ్లండ్‌లో శాస్త్రవేత్తలు బతికున్న ప్యూపాలను కోయకుండా సీటీ స్కాన్ తీస్తూ రోజురోజుకూ గమనించారు. ఊపిరి గొట్టాలు మొదటి రోజుల నుంచే చక్కగా కనిపించాయి. పేగు సన్నబడి రూపం మార్చుకుంది కానీ మాయం కాలేదు. నాడుల్లోనూ కొంత భాగం నిలుస్తుంది. 2008లో అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు పొగాకు ఆకు తినే ఒక పెద్ద పురుగుకు ఒక వాసన చూపిస్తూ చిన్న షాక్ ఇచ్చారు. ఆఖరి దశలో అలా నేర్చుకున్న పురుగుల్లో ఎక్కువ భాగం, రెక్కల పురుగులయ్యాక కూడా ఆ వాసన నుంచి తప్పుకున్నాయి. ఇంకా చిన్న దశలో నేర్చుకున్నవి మర్చిపోయాయి. అంత కరిగాక కూడా జ్ఞాపకం దాటి వచ్చింది. మీ నాన్నగారిని మర్చిపోతేనే మీరు మారినట్టు అని ఎవరైనా అంటే నమ్మకండి.

జిల్లేడు పురుగు ఇంకో పని చేస్తుంది. జిల్లేడు పాలలో విషముంటుంది, మేకలు కూడా దాని జోలికి పెద్దగా పోవు. ఈ పురుగు ఆ ఆకే తిని, ఆ చేదును ఒంట్లో దాచుకుంటుంది. రెక్కలొచ్చాక కూడా ఆ చేదు ఉంటుంది. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ ఆ రంగుల వైపు రాదు. నాన్నగారు పోయిన బాధ మీరు తిన్న చేదు. దాన్ని కక్కేయమని మిమ్మల్ని ఎవరో తొందరపెడుతున్నారు. ఉండనివ్వండి. రేపు ఇంకొకరి ఇంట్లో ఇలాంటి కష్టం వచ్చినప్పుడు, ఆ గుమ్మంలో ఏం మాట్లాడాలో మీకు దాని వల్లే తెలుస్తుంది.

పాత కణాలు కొత్త కణాలను చంపాలని చూస్తాయన్న మాట నేను కూడా చాలా ప్రసంగాల్లో విన్నాను. నేను చదివిన, చెప్పిన జీవశాస్త్రంలో అలాంటి యుద్ధం లేదు. ఉన్నది దానికి పూర్తిగా తిరగబడ్డ సంగతి. పురుగు తిని తిని ఒంట్లో కొవ్వు దాస్తుంది. ప్యూపాలో నోరు లేని ఆ రోజుల్లో రెక్కలు కట్టుకోవడానికి తిండి ఆ నిల్వే. పాత కణాలు విడిపోయి కొత్తవాటికి ముడిసరుకు అవుతాయి. మీ అమ్మగారు వద్దంటున్నది మిమ్మల్ని ఆపడానికి అనుకుంటున్నారేమో. భర్తను పోగొట్టుకున్న మనిషి ఆవిడ. కూతురిని కూడా ఆరు నెలలు చూడకుండా ఉండమంటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆవిడ పక్కన కూర్చుని ఆలోచించండి. మీకు ఇప్పుడు బలం ఇవ్వగలిగిన వాళ్లలో మొదటి మనిషి ఆవిడే.

తిండి మాట ఎందుకు ముందే ఎత్తానంటే, పురుగు ఒక బరువు దాకా ఎదగనిదే ప్యూపా కాదు. అప్పటిదాకా దాని ఒంట్లో జువెనైల్ హార్మోన్ అనేది "ఇంకా తిను, ఇంకా ఎదుగు" అని చెబుతూ ఉంటుంది. బరువు చాలాక అది తగ్గుతుంది, తగ్గాకే మార్పు. ఆ బరువు రాకముందే తిండి ఆపేస్తే మార్పు త్వరపడదు, వెనక్కి పోతుంది. కడుపు మాడ్చుకుని, నిద్ర చెడగొట్టుకుని, దుఃఖంలో ఉన్న మనిషి ధ్యానంలో కూర్చుంటే ఏడుపు రాక ఏం వస్తుంది? వేడి అన్నంలో పప్పు, నెయ్యి కలుపుకుని పాపతో కలిసి తినండి. ఇదీ సాధనే అని నా నమ్మకం.

పైగా పురుగు ఒక్కసారిగా మారదు. ఎదిగేలోపు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. హిందూపురం వైపు పట్టు రైతులు దీన్ని జ్వరం అంటారు. పురుగు మేత మాని, తల ఎత్తి, కదలకుండా ఉంటే "జ్వరానికి కూర్చుంది" అంటారు. అప్పుడు దాన్ని కదపరు. లేచాక లేత ఆకు వేస్తారు. మీకు వచ్చిందీ ఇలాంటి జ్వరమే కావచ్చు. ఇది ఆఖరి మార్పు అనుకుని ఉన్నదంతా తెంపుకుంటే ఎలా? మా వారు పోయిన ఏడాది నేనూ ఇలాగే ఉన్నాను. పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని, పిల్లలు నా వంక చూస్తూ కూర్చునేవారు. గుమ్మం దగ్గర ఆయన చెప్పులు తీయడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. అది నా అదృష్టం.

ఇక ఏడుపు గురించి. జిల్లేడు మీది ప్యూపాను ఒకసారి కొమ్మతో సహా తెచ్చి వరండాలో పెట్టాను. మా ఎండలకు వారం దాటాక ఒక తెల్లవారుజామున తొక్క గాజులా పలచబడి, లోపల మడతపెట్టిన నారింజ రెక్కలు కనిపించాయి. కాఫీ కలుపుకుని వచ్చేలోపు అది బయటికొచ్చి తొక్కను పట్టుకుని వేలాడుతోంది. పొట్ట ఉబ్బి ఉంది, రెక్కలు తడిపిన రుమాలులా ముడుచుకుని ఉన్నాయి. పొట్టలోని ద్రవం రెక్కల ఈనెల్లోకి ఎక్కుతుంటే అవి నా కళ్లముందే సాగాయి. అప్పుడు కింద పరిచిన తెల్ల కాగితం మీద టప్పున ఎర్రటి చుక్కలు రెండు పడ్డాయి. జువాలజీ చెప్పే మనిషిని, చదివే ఉన్నాను, అయినా గుండె ఝల్లుమంది. నెత్తురనుకున్నాను. అది నెత్తురు కాదు. ప్యూపాలో ఇన్నాళ్లూ జరిగిన కట్టుబడిలో మిగిలిన వ్యర్థం. బయటికొచ్చాక ప్రతి సీతాకోకచిలుకా దాన్ని వదిలేస్తుంది.

1608లో ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ పట్టణం చుట్టుపక్కల గోడల మీద ఎర్ర చుక్కలు కనిపిస్తే నెత్తుటి వాన కురిసిందని జనం వణికిపోయారు. పేరెస్క్ అనే పండితుడు అంతకు ముందు ఒక ప్యూపాను పెట్టెలో దాచి ఉంచాడు. అది రెక్కల పురుగై ఎగిరిపోయాక పెట్టె అడుగున అలాంటి ఎర్ర మరకే చూశాడు. గోడల మీది చుక్కలు కూడా చూరుల కింద, సందుల్లో ఉన్నాయి, పైనుంచి వాన పడే చోట లేవు. మీ కన్నీళ్లు ఏదో తప్పు జరిగినట్టు గుర్తు అనుకోకండి, గొప్ప అనుభవం అని కూడా అనుకోకండి. ఏడాదిన్నరగా లోపల జరుగుతున్న పనిలో మిగిలినది బయటికి పోతోంది. పోనివ్వండి.

కానీ ఒక జాగ్రత్త. నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, బతకాలని లేదన్న ఆలోచన రావడం, వీటిలో ఏ ఒక్కటి వారాల తరబడి ఉన్నా డాక్టరును కలవండి. ఆ ఆఖరి ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. మనసు బాగోలేని వాళ్లకు ఫోన్‌లో సాయం చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. దాని వల్ల భక్తి తగ్గదు.

భ్రమరకీట న్యాయం గురించి కూడా మీ క్లాసులో చెప్పే ఉంటారు. తుమ్మెద పురుగును తెచ్చి మట్టి గూటిలో పెడితే, అది భయంతో తుమ్మెదనే తలుచుకుని తుమ్మెదే అయిపోతుందని. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదువుకు తన 24 మంది గురువుల గురించి చెబుతూ చివర్లో ఈ కీటకం దగ్గరికే వస్తాడు. దేన్ని ఎడతెగకుండా తలుస్తామో అదే అవుతామన్న ఆ మాట ముందు నేను తల వంచుతాను. జపం చేసే మనిషికి అది ప్రాణం లాంటి మాట. అయితే మన గోడ మూలన, కిటికీ చెక్క వెనక మట్టి గూడు కట్టే కందిరీగ జాతి ప్రాణిని ఒకసారి దగ్గరగా చూడండి. పురుగును కుట్టి చచ్చుబడేలా చేసి, గూట్లో పెట్టి, గుడ్డు పెట్టి, మట్టితో మూసేస్తుంది. కొన్నాళ్లకు కందిరీగ బయటికొస్తుంది. పురుగు కందిరీగ అవ్వలేదు, కందిరీగ పిల్లకు ఆహారమైంది. జిల్లేడు మీది ప్యూపాల్లో కూడా కొన్నింట్లోంచి సీతాకోకచిలుక రాదు, ఒక రకం ఈగ పిల్లలు వస్తాయి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా వేలాడుతుంటాయి, చాలా రోజుల వరకూ తేడా తెలియదు.

మీ గురువుగారి మనసు నాకు తెలియదు, ఆయన మీద నింద వేయను. దేవుణ్ణి తలుచుకోవడం వేరు, ఒక మనిషి మిమ్మల్ని మూసిన గదిలో పెట్టి తనని తలుచుకోమనడం వేరు. వెళ్లి మర్యాదగా ఒక్కటి అడగండి. "రోజూ సాయంత్రం పాపతో ఫోన్‌లో మాట్లాడతాను, ఇబ్బంది అనిపిస్తే మధ్యలో వచ్చేస్తాను, అప్పుడు కట్టిన డబ్బు తిరిగిస్తారా?" అని. నిజమైన గురువుకు ఆ ప్రశ్న కోపం తెప్పించదు. కోపం వస్తే, "అదిగో నీలో పాత పురుగు మాట్లాడుతోంది" అంటే, చెప్పులేసుకుని ఇంటికి వచ్చేయండి.

ఉద్యోగం మీద నిజంగానే విసుగు పుట్టి ఉంటే అది వేరే సంగతి, దానికి బృహదారణ్యకంలో ఒక ప్రాణి ఉంది. జీవుడు ఒక దేహం నుంచి ఇంకో దేహానికి ఎలా వెళ్తాడో చెబుతూ గడ్డి జలగను చూపిస్తుంది ఉపనిషత్తు. దాన్ని పచ్చపురుగు అని చెప్పేవాళ్లూ ఉన్నారు. అది గడ్డిపరక చివరికి చేరాక, ముందు ఇంకో పరకను పట్టుకుని, అప్పుడు వెనక భాగాన్ని లాక్కుంటుంది. ముందున్న పరక దొరకకుండా వెనకది వదలదు. మీరు కూడా అంతే చేయండి. సెలవులుంటే ముందు పది రోజులు పెట్టండి. అమ్మను, పాపను తీసుకుని నాన్నగారి ఊరు వెళ్లండి, ఆయన గురించి ముగ్గురూ నోరారా మాట్లాడుకోండి. మీ వారికి ఫోన్ చేసి ఈ ఆరు నెలల మాట దాచకుండా చెప్పండి, ఆయనకు ఇంకా చెప్పలేదని మీ ఉత్తరం చదివితే నాకు అనిపించింది. పొద్దున ఇరవై నిమిషాలు ఇంట్లోనే ధ్యానం చేసుకోండి. పాప పక్కన కూర్చుంటానంటే కూర్చోనివ్వండి, కదిలినా ఏమీ అనకండి.

ఈ ఆదివారం పాపను తీసుకుని మీ దగ్గర్లో ఏ ఖాళీ స్థలంలోనైనా జిల్లేడు పొద దగ్గరికి వెళ్లండి. హైదరాబాద్‌లో దానికి కరువు లేదు. ఆకులు ఒక్కొక్కటే తిప్పి అడుగున చూడండి. చారల పురుగు కనిపిస్తే దాన్ని ఆకుతో సహా ఒక పెద్ద సీసాలో పెట్టి, మూతి మీద పాత దోమతెర గుడ్డ కట్టండి. రోజూ లేత ఆకు మార్చాలి, అడుగున తెల్ల కాగితం వేయాలి. జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, కాబట్టి ఆకులు మీరే కోయండి, ఇద్దరూ సబ్బుతో చేతులు కడుక్కోండి. అది వేలాడటం మొదలుపెట్టాక సీసాను కదపొద్దు. బంగారు చుక్కలు ఏ రోజు కనిపించాయో, కాగితం మీద చుక్కలు ఏ రంగులో పడ్డాయో పాపతో ఒక కార్డు మీద రాయించి నాకు పంపండి.